కుడి ముందు టైరు

జీపు కుడి ముందు టైరు మళ్లీ అరిగింది. అదీ బయటి అంచు మాత్రమే, ఎవరో పనిగట్టుకుని ఆకురాయితో రుద్దినట్టు. లోపలి అంచున గాడులు ఇంకా లోతుగా, కొత్తగానే ఉన్నాయి.

మేస్త్రి టైరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఊళ్లో అతన్ని కొలతల మేస్త్రి అంటారు. చక్రాల అలైన్‌మెంట్‌లో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. పక్క ఊళ్ల బండ్లు కూడా వెతుక్కుంటూ అతని షెడ్డుకే వస్తాయి. అలాంటివాడి సొంత బండి టైర్లను తినేస్తోంది.

రెండేళ్లలో ఇది మూడో సెట్టు. ఫోర్‌వీల్ డ్రైవ్ కదా, అరిగిన ఒక్కటీ మార్చి ఊరుకుంటే కుదరదు. నాలుగూ ఒకే ఎత్తులో లేకపోతే లోపల గేర్లు ఒకదాన్నొకటి నమిలేస్తాయి. ఒక్క టైరు చేసిన పాపానికి నాలుగూ పోవాల్సిందే.

"బావా, ఈసారి డజను తెప్పించి పెట్టనా?" అన్నాడు టైర్ల కొట్టు నడిపే బావమరిది.

"నోరు ముయ్యి."

"పోనీ అక్క ఎలా నడుపుతోందో అడిగావా?"

"మీ అక్క నడపడమా? నత్త కూడా హారన్ కొట్టి దాటిపోతుంది."

జీపు నడిపేది ఆవిడే. కొండ మీది లాడ్జీలకు ఉతికిన దుప్పట్లు చేరవేసే పని ఆవిడది. గట్టిగా బ్రేకు వెయ్యదు, గుంతలో దించదు, అద్దాలు తుడవందే బండి కదిలించదు. నడపడం నేర్పింది మేస్త్రే. నేర్పాడంటే, రెండేళ్ల క్రితం మూడు రోజులు పక్కన కూర్చున్నాడు. మూడో రోజు నడిబజార్లో ఓ లారీకి అడ్డం వెళ్లిందని నోటికొచ్చినట్టు అరిచి, దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఆవిడ తిప్పలేవో ఆవిడే పడింది. ఇద్దరూ కలిసి వెళ్తే మాత్రం స్టీరింగ్ మేస్త్రిదే.

ఇన్నాళ్లూ ఇది ఇంటి గొడవ. ఇప్పుడు పీకల మీదికొచ్చింది. గనుల కంపెనీ తన పదకొండు ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లనూ ఏదో ఒక షెడ్డుకి అప్పజెప్పాలని చూస్తోంది. ఆ పని దొరికితే మేస్త్రి ఇక బండ్ల కోసం గేటువైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. సోమవారం మేనేజరు వచ్చాడు. షెడ్డంతా చూసి తృప్తిగా తలూపాడు. వెళ్లబోతూ గేటు దగ్గర జీపు ముందు వంగాడు.

"ఇదెవరిది?"

"నాదేనండి."

మేనేజరు టైరు అంచును బొటనవేలితో తడిమాడు. "శనివారం మళ్లీ వస్తాను. దీన్ని ఏది పాడుచేస్తోందో అప్పుడు నాకు చెప్పండి. సొంత బండి రోగమే తెలియనివాళ్లకి మావెలా ఇస్తాం?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

మంగళవారం సస్పెన్షన్ మొత్తం విప్పాడు. ఏ లోపమూ లేదు. బుధవారం బేరింగులు, స్టీరింగ్ రాడ్లు చూశాడు. అలైన్‌మెంట్ నాలుగుసార్లు కొలిచాడు. నాలుగుసార్లూ ఒకటే లెక్క, వంక పెట్టడానికి లేదు. అడుగు ఫ్రేము వంగిందేమోనని ముందు నుంచి వెనక్కి దారం లాగి కట్టాడు. అదీ తిన్నగానే ఉంది. అంతకుముందు, కిందటి సెట్టు వాడుతున్నప్పుడే కుడి టైరును ఎడమకు, ఎడమ టైరును కుడికి మార్చి చూశాడు. అటు వెళ్లినది అరగడం మానేసింది, ఇటు వచ్చినది అరగడం మొదలెట్టింది. అంటే రోగం టైరుది కాదు, ఆ మూలది. ఆ మూలలో ఏముందో బోధపడక ఏడుపొచ్చినంత పనైంది. చేతిలో స్పానరు గోడకేసి కొట్టాడు. కాసేపటికి తనే వెళ్లి తెచ్చుకున్నాడు.

గురువారం మీటరు చూశాడు. కొండ మీదికి వెళ్లిరావడానికి తొమ్మిది కిలోమీటర్లు. మీటరు మాత్రం పధ్నాలుగు చూపిస్తోంది.

"ఎక్కడెక్కడ తిరిగొస్తున్నావు?" అన్నాడు భార్యతో.

"తిరక్కపోతే ఎలా చేరతానండీ," అంది ఆవిడ దుప్పటి మడత పెడుతూ.

ఈవిడతో మాట్లాడటం దండగనుకుని మీటరు కూడా విప్పాడు. అదీ బాగానే ఉంది.

శుక్రవారం పొద్దున్న ఇక చేసేది లేక, చప్పుడైనా విందామని జీపులో పక్క సీటెక్కాడు. ఆవిడ ఆశ్చర్యంగా చూసి, తాళం తిప్పింది. బండి మెత్తగా కదిలింది. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడుతున్నాయి. ఇంత బాగా నడుపుతుందని మేస్త్రి అనుకోలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి చెవులు రిక్కించాడు.

కూడలి వచ్చింది. కొండదారి కుడివైపు. ఆవిడ కూడలి దాటి నేరుగా పోయింది.

"దారి తప్పావు," అన్నాడు.

ఆవిడ ఇంకాస్త ముందుకెళ్లి ఎడమకు తిప్పింది. మళ్లీ ఎడమకు. మరోసారి ఎడమకు. వీధి చుట్టూ తిరిగొచ్చి, అదే కూడలిని అడ్డంగా దాటి కొండదారిలో పడింది. దుప్పట్ల బరువంతా ప్రతి మలుపులోనూ కుడి ముందు చక్రం మీద ఒరిగి, టైరు అంచు రోడ్డును రాసుకుంటూ మూలిగింది.

మొదటి లాడ్జీ దగ్గరా అంతే. గేటు కుడిచేతి పక్కన కనిపిస్తూనే ఉంది. ఆవిడ దాన్ని దాటిపోయి మూడు ఎడమలు తిరిగొచ్చి గేటుకి ఎదురుగా నిలిచింది.

"రెండేళ్లుగా ఇలాగేనా?" మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు. "మూడు సెట్లు పోయాయి. రేపు ఆ మేనేజరుకి ఏం చెప్పుకోను? కుడికి తిప్పితే నీ సొమ్మేం పోయింది?"

ఆవిడ అద్దం సర్దుకుంటూ, కోపం లేకుండా, అడిగినదానికి జవాబు చెప్తున్నట్టే చెప్పింది.

"ఆ రోజు నడిబజార్లో దిగిపోతూ, మళ్లీ మీరు చెప్పేదాకా కుడివైపు తిప్పొద్దన్నారు, ఇంకా చెప్పలేదు కదండీ."