గోడలోంచి సుత్తి దెబ్బ

కాంట్రాక్టర్ అమర్‌నాథ్ నన్ను నిలువునా ముంచాడు. ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కుకునేవాణ్ణి. ప్రయాణం ఖర్చులకని నా పొలం అమ్మించి, గుడి కట్టే పనికని 2009లో అమెరికాలోని నోవై అనే ఊరికి తెచ్చాడు. ఆ పని ఆగిపోయింది. ఫ్రాన్స్‌లో రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టిన తొమ్మిదొందల ఏళ్ల చిన్న చర్చి ఉంటే, దాన్ని బాగుచెయ్యమన్నాడు.

మూడడుగుల మందం గోడలు. చెయ్యి దూరేంత కిటికీలు. పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు రాతికప్పు.

రాయిలో బీట ఉందో లేదో సుత్తితో తట్టి వినాలి. పగలు జనం అలికిడి, అందుకే రాత్రి ఒక్కణ్ణే లోపలికెళ్లాను. అమర్‌నాథ్ బయట మంచులో, కార్‌లో హీటర్ వేసుకుని కూర్చున్నాడు.

తట్టాను. రాయి ఖంగుమంది. తర్వాత గోడ లోపల్నించి ఎవరో తట్టారు. మూడు గట్టిగా, కాస్త ఆగి, ఒకటి మెల్లగా.

మా క్వారీలో బండ విరిగేముందు మేస్త్రీ అలా కొడతాడు, తప్పుకోండని. ఆ గుర్తు మావాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు.

కారు దగ్గరికి పరిగెత్తాను.

"ఏం ఆచారీ, దయ్యం ఇంగ్లీషులో పలకరించిందా?"

"మన సుత్తితోనే పలకరించింది సార్. కప్పు పడుతుంది."

"వెళ్లి ఫినిష్ చెయ్యి. లేదా రేపే టికెట్ బుక్ చేస్తా, పైసా ఇవ్వను."

గుమ్మం దాకా వెళ్లాను. మళ్లీ అవే దెబ్బలు. ఈసారి నా కాళ్ల కింది గడప రాయిలోంచి.

ఇక లోపలికి వెళ్లలేదు. అన్నట్టే మర్నాడు పైసా ఇవ్వకుండా ఇంటికి పంపేశాడు.

ఆ కప్పు ఇవాళ్టికీ నిలిచే ఉందట. పోయింది నా పొలమే, ఎకరా పదిహేను సెంట్లు.