రేణు గురించి నాలుగు మాటలు

"సంతకం పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో పో!"

మహేంద్ర ఆ కాగితాన్ని బల్ల మీదికి విసిరేశాడు. గులాబీలు ఏరి కట్టలు కడుతున్న ఆడవాళ్లంతా చేతులాపి చూశారు. మహేంద్ర ఆ తోట సూపర్‌వైజరు. హోసూరు దగ్గర తళి రోడ్డులో, ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే ఆ పాలీహౌసుల యజమాని బెంగళూరులో ఉంటాడు కాబట్టి ఇక్కడ మహేంద్ర చెప్పిందే చట్టం.

రేణు కాగితం తీసుకుని ముడతలు సరిచేసింది. "ఎనిమిదేండ్లు ఈడ పూలు కోసినాను, కట్టలు కట్టినాను. ఆ మాటే రాసుకొచ్చినాను. ఇందులో అబద్ధమేముండాదప్పా?"

"జవళగిరిలో గొర్రెలు తోలుకొనే ఇంటిదానివి. నీకు పోలండు కావాల్సొచ్చిందా?"

"గొర్రెలు తోలితే తప్పా? ఆడ గులాబీ తోటకు మనిషి కావాలన్నారు. వీడియోలో పని చూపించమన్నారు, చూపించినాను. సూపర్‌వైజరు ఒక మాట చెప్తే వర్క్ పర్మిట్‌కు పెడతామన్నారు. ఈ పొద్దే ఆఖరు."

మహేంద్ర గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. ఇలాంటి వాళ్ల గొంతు మెత్తబడితే జేబు తడుముకోవడం మంచిది.

"నా మాట వినమ్మా. హోసూరు బస్టాండు కాడ మావాడొక ఏజెంటు ఉండాడు. టూరిస్టు వీసాలో పంపిస్తాడు. దిగినాక ఏదో ఒక హోటల్లో గమ్మున గిన్నెలు కడుక్కోవచ్చు. ఎంతమంది పోలేదు?"

"కుక్కతోక పట్టుకొని ఏరు దాటమంటావా? పోలీసును చూస్తే గోడ చాటుకు పోయే బతుకు నాకొద్దు. పోతే పర్మిట్‌తో పోతాను, లేదంటే ఈడనే ఉంటాను. దాక్కొనేదానికి నేనేం దొంగతనం చేసినానా?"

పక్కనున్న కెంపమ్మ రేణు కొంగు లాగింది. ఆమె ఈ తోటలో అందరికన్నా పాత మనిషి. "ఎదురు మాట్లాడొద్దే. కాళ్లు పట్టుకోనైనా సంతకం పెట్టించుకో."

"కాళ్లెందుకు పట్టుకోవాల కెంపక్కా? ఈ తోట నడిచేది మన చేతులతో కదా!"

సరిగ్గా అప్పుడే మహేంద్ర ఫోను మోగింది. పోలండు నంబరు. అప్లికేషన్‌లో సూపర్‌వైజరు నంబరు రాయక తప్పదంటే రేణు రాసింది. మహేంద్ర ఆ నంబరు చూసి కాలరు సవరించుకున్నాడు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"నీ చెవులతో నువ్వే విను," అన్నాడు రేణుతో.

అవతల మార్తా అనే ఆవిడ, ఆ పోలండు తోట మేనేజరు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఏడాదిగా సెల్‌ఫోనులో ఇంగ్లీషు నేర్చుకుంటున్న రేణుకు ప్రతి ముక్కా అర్థమవుతోంది. అర్థం కాకపోయినా బాగుండేది.

"రేణు మీ దగ్గర పనిచేస్తోందా, మిస్టర్ మహేంద్ర?"

"చేస్తోంది మేడమ్. కానీ పెద్ద తలనొప్పి. పురుగుమందు కొట్టిన షెడ్డుకు ఎర్రబోర్డు పెడతాం, మర్నాటిదాకా లోపలికి పోకూడదని. ఆ బోర్డు పట్టుకుని కూర్చుంటుంది. తను పోదు, మిగతా ఆడవాళ్లనూ పోనివ్వదు."

"మీరైతే ఏం చేస్తారు?"

"నేనా? గంటలో అందరినీ లోపలికి తోలి పూలు కోయిస్తాను. నాకు పనే ముఖ్యం మేడమ్."

"ఇంకా?"

"గ్లౌజులు చినిగితే కొత్తవి వచ్చేదాకా ముళ్లు ముట్టదు. పురుగున్న పువ్వు కనిపిస్తే కట్ట మొత్తం పక్కన పడేస్తుంది. నేనైతే ఆ పువ్వును కట్ట మధ్యలో దూర్చి పంపించేస్తాను. ఒక్క కట్ట కూడా వేస్టు కానివ్వను!"

"ఆదివారాలు?"

"రమ్మంటే, ఏ రూల్లో ఉందని అడుగుతుంది. మాటకు మాట. ఇలాంటిది మీ తోటలో ఉంటే నలుగురినీ చెడగొడుతుంది. ఆలోచించుకోండి."

రేణు ఎనిమిదేళ్ల పని ఒక్క ఫోనులో మట్టి కొట్టుకుపోతోంది. "సారీ చెప్పవే, ఇకమీద చెయ్యనని చెప్పు," అని, మహేంద్ర వాలకం చూసి కెంపమ్మ చెవిలో పోరుతోంది. రేణు కళ్లు తుడుచుకుంది. మహేంద్ర చేతిలోని ఫోను దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె ఇంగ్లీషు తడబడింది గానీ గొంతు తడబడలేదు.

"మేడమ్, నేను రేణు. ఈయన నా గురించి చెప్పినవన్నీ నిజమే. ఎర్రబోర్డు ఉంటే మీ షెడ్డులోకీ రాను. పురుగుంటే మీ కట్టనూ పక్కన పడేస్తాను. ఇష్టముంటే పిలవండి, లేదంటే వద్దు."

మహేంద్ర మీసం కింద నవ్వుకున్నాడు.

"రేణూ," అంది మార్తా. "నీ పర్మిట్ కాగితాలు ఈ రోజే పెడుతున్నాను. ఇలాంటి మనిషి కోసమే వెతుకుతున్నాం."

కెంపమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా రేణు ముఖం చూసి చప్పట్లు కొట్టేసింది. మహేంద్ర ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, మేడమ్, ఒక్క నిమిషం! ఆమె సంగతి మీకు అర్థమైనట్టు లేదు..."

"బాగా అర్థమైంది. మీ సంగతి కూడా. కానీ మిస్టర్ మహేంద్ర, పోయిన నెల ఇదే ఉద్యోగానికి మీరు మాకు పంపుకున్న అప్లికేషన్‌లో ఇవేవీ రాయలేదే!"