ఏటి వీధి

విజిల్ వినపడగానే డ్రైవర్ సడెన్ బ్రేకు వేశాడు.

వెనక కూర్చున్న ఇంజినీరమ్మ నుదురు ముందు సీటుకి ఠపీమని తగిలింది.

"ట్రాఫిక్ పోలీసా?"

"కాదమ్మా, ఎవరో పెద్దావిడ. చేతిలో తాళాల గుత్తి, గుత్తికి విజిలూ!"

ఇంజినీరమ్మకి కోపం రాలేదు. ఇవాళ ఆమెకి కోపం వచ్చే రోజు కాదు. అగ్నిమాపక దళానికి పెడుతున్న కొత్త రేడియో ఆమె మొదటి సొంత పని. ఊరి చుట్టూ నాలుగు టవర్లు. ఎక్కడి నుంచి మాట్లాడినా నాలుగూ వింటాయి. వాటిలో మేలైనదాన్ని ఏరి కంట్రోల్ రూముకి అందించే పెట్టె ఒకటుంది. పొద్దుటి నుంచి వీధి వీధికీ వెళ్ళి మాట్లాడి చూస్తున్నారు. అన్నిచోట్లా ఐదుకి ఐదు మార్కులే. పల్లంలో ఉన్న ఈ వీధి కూడా గట్టెక్కితే రేపే ప్రారంభం.

ఆమె రేడియో సెట్టు అందుకుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎలా ఉంది బాబాయ్?"

కంట్రోల్ రూములో పాతకాపు ఆపరేటర్. ఆయన అందరికీ బాబాయే.

"గంట కొట్టినట్టుంది తల్లీ! ఐదుకి ఐదు!"

"హమ్మయ్య!" డ్రైవర్ స్టీరింగ్ మీద దరువేశాడు.

పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చింది. "అంకెలు కాదమ్మా. ఏటి వీధి అని చెప్పు."

"అంకెలే చెప్పాలండీ, రూలు."

"అగ్గి అంటుకున్నప్పుడు అంకెలు లెక్కపెడతారా?"

డ్రైవర్ నవ్వాడు. "మామ్మగారూ, రేడియోలో పాట కూడా పాడతారా ఏంటి? తప్పుకోండి, బండి తియ్యాలి."

ఆవిడ తప్పుకోలేదు. బండికి అడ్డంగా వెళ్ళి నిలబడి, విజిల్ నోట్లో పెట్టుకుంది.

"వద్దొద్దు!" ఇంజినీరమ్మ చెవులు మూసుకుని నవ్వేసింది. "మీ ముచ్చట నేనెందుకు కాదనాలి? మీరే చెప్పండి."

ఆవిడ సెట్టు తీసుకుని గొంతు సవరించుకుంది.

"ఏటి వీధికి బండి పంపండి."

వెంటనే జవాబు వచ్చింది.

"ఏడో వీధికి బండి. భేషుగ్గా ఉంది, ఐదుకి ఐదు!"

వ్యానులో నవ్వు ఆగిపోయింది.

వాళ్ళున్నది ఏటి వీధిలో. ఏడో వీధి ఊరికి ఆ చివర.

"ఒకటి తర్వాత రెండేగా!" ఇంజినీరమ్మ తల పట్టుకుంది. "సరిగ్గా వినపడకపోయినా బాబాయ్ చెవి నింపేసుకుంటోంది! పొద్దుటి నుంచీ మనకొచ్చినవన్నీ దొంగ మార్కులే!"

లాప్‌టాప్ తెరిచింది. వేళ్ళు పరుగులు పెట్టాయి. దొరికింది! పెట్టె ఎంచుకుంటున్నది స్పష్టంగా వినే టవర్ని కాదు, గట్టిగా అరిచే టవర్ని. నోరుగలవాడిదే రాజ్యం అన్నమాట. ఆ ఒక్క ముక్కా మార్చింది.

"మళ్ళీ చెప్పండమ్మా!"

"ఏటి వీధికి బండి పంపండి."

ఈసారి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఏటి వీధి," అన్నాడు బాబాయ్. "ఏటి... వీధి."

ఇంజినీరమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. డ్రైవర్ హారన్ మోగించాడు. ఊరంతా మళ్ళీ తిరగాలి, రేపటి ప్రారంభం గోవిందా. అయినా ఆమెకి సంతోషం పట్టరాలేదు.

"అమ్మా, మీరు లేకపోతే..." అంటూ తిరిగి చూస్తే సీటు మీద సెట్టు ఉంది. ఆవిడ లేదు. డ్రైవర్ దిగి వీధి మలుపు దాకా పరుగెత్తి, ఉత్త చేతులతో వచ్చాడు.

"అయ్యో, ఆవిడ వెళ్ళిపోయింది, పేరైనా అడగలేదు బాబాయ్!" ఇంజినీరమ్మ సెట్టులో అంది.

"ఆవిడ దగ్గర విజిల్ ఉందా తల్లీ?"

"ఉంది. మీకెలా తెలుసు?"

"అది మా దళం వాళ్ళకిచ్చే విజిల్. ఏళ్ళ కిందట అగ్గి అంటుకున్నప్పుడూ ఆ వీధిలోంచే, మంటల్లోంచి, మా కుర్రాడొకడు ఇంకో బండి పంపమని పాత సెట్టులో అరిచాడు. నేను ఏడో వీధికి పంపాను. ఆవిడ వాడి తల్లి."