బోర్లించిన గిన్నె

"సేఫ్టీ సారొస్తుండు! పొయ్యి దాచు!" అన్నాడు నర్సింలు.

లింబాద్రి కరెంటు పొయ్యిని మంచం కిందికి తోసి, వేడి గిన్నెను తువాలుతో పట్టి నేలమీద బోర్లించాడు. లోపల అంచులదాకా ఒత్తి కాల్చిన సర్వపిండి ఊడిపడకుండా గిన్నెనే కరుచుకుంది. అరబ్బు దేశంలోని ఈ కూలీల క్యాంపు గదిలో వండుతూ దొరికితే మరునాడే ఇంటికి విమానం. సర్వపిండికి సర్వం పోయేలా ఉంది.

"నువ్వుల వాసన దాగుతదారా?" అన్నాడు నర్సింలు.

"నువ్వు నోరు మూస్తే సగం దాగుతది!"

సేఫ్టీ ఆఫీసరు సుధాకరరావు లోపలికొచ్చాడు. ఆయన పేరు చూస్తే తెలుగే, నోరు తెరిస్తే మాత్రం ఎప్పుడూ హిందీయే. గిన్నెను వేలితో తట్టాడు. అది ఖాళీ గిన్నెలా ఖంగుమనలేదు, కడుపు నిండినవాడిలా 'దబ్'మంది. లింబాద్రి గుండే గట్టిగా మోగింది.

"క్యా మిలా?" ఏం దొరికిందంటూ గుమ్మంలోంచి క్యాంప్ బాస్ అరిచాడు.

"మాఫీ, సాబ్! ఖాలీ బర్తన్!" ఏమీ లేదు, వట్టి గిన్నేనని బదులిచ్చాడు సుధాకరరావు.

బాస్ పక్కగదికి కదిలాడు. ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా సుధాకరరావు కదల్లేదు. తర్వాత లింబాద్రి వైపు వంగి, గొంతు తగ్గించి అన్నాడు:

"జెర తిప్పి పెట్టు, తమ్మీ. బోర్లిస్తే ఆవిరికి మెత్తబడ్తది."