వినకుండా వదిలేసినవి

"నా కుడిపక్కనే కూర్చో. చెయ్యి మాత్రం వదలకు," అన్నారు మాస్టారు, రికార్డుల కొట్టు మెట్ల దగ్గర ఆగి.

భార్య ఆయన వైపు పూర్తిగా తిరిగి, పెదాలు కనబడేలా అంది. "ఒకసారి నొక్కితే బాగున్నట్టు, రెండుసార్లయితే బాగాలేనట్టు. గుర్తుంది. కానీ ఏమండీ, చెప్పేస్తే పోతుందిగా?"

"చెబితే జాలిపడతారు. జాలిపడే చోట నేను కూర్చోలేను. వాళ్ళకి తెలిసిన రోజే ఈ కొట్టుతో నాకు రుణం తీరినట్టు."

వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ మాస్టారి రెండు చెవుల్నీ వెంట తీసుకుపోయింది. జీవితమంతా పిల్లలకి పాటలు నేర్పిన మనిషి దగ్గర దేవుడికి పట్టుకుపోవడానికి ఇంకేమీ దొరకలేదు కాబోలు. అప్పట్నుంచీ ఏవో సాకులు చెప్పి కొట్టుకి రావడం మానేశారు. కానీ ఏడాది చివర జరిగే కూడికకి రాకపోతే ఆ స్నేహితుల మూక ఇంటికే వచ్చేస్తుంది.

ఆ కూడిక పేరు 'వినకుండా వదిలేసినవి'. ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్‌లలో తాము మనసు పారేసుకున్నదీ, లోకం పట్టించుకోనిదీ ఒక్కొక్కరూ ఒకటి తెచ్చి, ఒకవైపు మొత్తం వినిపించాలి. ఎవరి రికార్డు వాళ్ళే తమ చేత్తో పెట్టాలి. అది తిరుగుతున్నంతసేపూ అందరూ కళ్ళు మూసుకోవాలి, నోరు మెదపకూడదు. ఈ నియమాలన్నీ ఒకప్పుడు మాస్టారు పెట్టినవే.

ముందు పళ్ళ డాక్టరు వంతు. ఆయన మాట కూడా ఆయన వృత్తిలాంటిదే, ఎదుటివాడి పళ్ళూడగొడుతుంది. దానికితోడు పెదాలు కప్పేసే గుబురు మీసం. మాస్టారికి అసలు భయం ఆ మీసమే.

డాక్టరు రికార్డు తిరిగి ఆగింది. మాస్టారి చేతిని భార్య రెండుసార్లు నొక్కింది.

మీసం కదిలింది. డాక్టరు మాస్టారినే చూస్తున్నాడు. ఏదో అడిగాడు. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"రెండో పాటలో తబలా ఎలా ఉందంటున్నారు," అంది భార్య ఆయన వైపు తిరిగి. "ఈ డాక్టరుగారి మాట నాకే సగం అర్థం కాదు!"

"తొందరపడింది," అన్నారు మాస్టారు. "పాటని నడవనివ్వకుండా వెనకనుంచి తోసేసింది."

డాక్టరు తొడ చరిచి, పక్కనున్న బస్సు డ్రైవరు వైపు తిరిగాడు. "విన్నావా? పొద్దుటి నుంచీ నీకు ఇదే చెబుతున్నాను. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!"

భార్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మాస్టారు మాత్రం అందరితోపాటు నవ్వారు, ఎందుకో తెలియకుండానే.

మిగతావాళ్ళ రికార్డులూ అయ్యాయి. గండం గడిచిందనుకునేలోపు కొట్టు నడిపే అమ్మాయి ప్లేయరూ స్పీకర్లూ అన్నీ ఆపి టీ ఇచ్చింది. "ఇప్పుడు చివరిగా మీదే, బాబాయిగారూ."

మాస్టారు లేచారు. ఆయన తెచ్చినది ఏడాది మొదట్లో వచ్చిన 'పక్కింటి కిటికీ'. ఒక గొంతు, ఒక వేణువు, అంతే. ఎవరూ కొనలేదు, ఎవరూ దాని గురించి రాయలేదు. చెవులు ఉండగా ఆయన చివరిగా మనసారా విన్నది అదే. ప్రతి గమకమూ కంఠతా వచ్చు. రికార్డు పెట్టి, మీట నొక్కి, ముల్లు దించి వచ్చి కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

గొంతు మొదలైంది. ఆయన తలలో స్పష్టంగా, తడిగా మొదలైంది. ఏడుపొచ్చేంత సంతోషమేసింది ఆయనకి. ఇంకొక్క చరణం, తరవాత వేణువు రావాలి.

"ఇదిగో, ఇక్కడ!" అని వేలెత్తేశారు, తన నియమం తానే మరిచిపోయి.

నాలుక కరుచుకుని కళ్ళు తెరిచారు. డాక్టరు నోరు తెరుచుకుని సగం లేచి ఉన్నాడు. కొట్టు అమ్మాయి రికార్డు తిరుగుతున్న అలమర వైపు అడుగు వేసి ఆగిపోయింది. బస్సు డ్రైవరు ఆయన్ని చూసి, చప్పున తల దించుకున్నాడు.

అయిపోయింది, దొరికిపోయాననుకున్నారు మాస్టారు. మరీ గట్టిగా అరిచానా? వేణువు రాకముందే వేలెత్తానా? లేచి వెళ్ళిపోబోయారు. భార్య చెయ్యి ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది. ఒకసారీ కాదు, రెండుసార్లూ కాదు, అలా పట్టుకునే ఉంది.

డాక్టరు మెల్లగా కూర్చున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మోకాలి మీద వేలితో తాళం వేయసాగాడు. అమ్మాయి వెనక్కి వచ్చి నేల మీదే కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ముల్లు చివరిదాకా వెళ్ళేవరకూ ఒక్కరూ కదల్లేదు.

మాస్టారు చూస్తుండగా అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. అమ్మాయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మీసం రెండు పక్కలకీ దువ్వుకుని, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. "ఇలాంటిది మేం ఎప్పుడూ వినలేదు, మాస్టారూ. వచ్చే ఏడాది కూడా చివరి రికార్డు మీదే. రాకపోతే ఊరుకోను."

ప్రతి మాటా అందింది మాస్టారికి. జీవితంలో మొదటిసారి ఆ డాక్టరు మంచివాడనిపించాడు.

వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన చిన్నపిల్లాడిలా భార్య భుజం తట్టారు. "చూశావా? ఒక్కడికి కూడా అనుమానం రాలేదు!"

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "రాలేదండీ."

"వేణువు దగ్గర వేలు సరిగ్గా ఎత్తానా?"

"సరిగ్గా ఎత్తారు."

"డాక్టరు కూడా కరిగిపోయాడు. ఎంత శ్రద్ధగా విన్నారే అందరూ! వచ్చే ఏడూ వద్దాం."

"తప్పకుండా వద్దాం," అని ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

స్పీకర్ల స్విచ్ వేయడం మాస్టారు మర్చిపోయారు.