సేత్తూరు పిందెలు

ఆ రోజు ఇంట్లో ఏడుగురున్నారు. జక్కమ్మ అవ్వ, ఆమె కొడుకు కోదండరామ, కోడలు పొన్నమ్మాళ్, వాళ్ళ కూతురు రంగనాయకి. సేత్తూరు నుంచి ఎద్దుల బండిలో దిగిన తాయమ్మాళ్, ఆమె మొగుడు, ఆమె అన్న. ఎనిమిదోది నడింట్లో పీట మీద కూర్చున్న జాడీ. అందరూ దాని మొహమే చూస్తున్నారు.

నలభై రోజుల కిందట తాయమ్మాళే తన తోటలో కోయించిన మామిడి పిందెలు ఒక గంపెడు పంపింది. వాళ్ళింటి పట్టింపు అది. తమ తోట పిందెలను పిల్ల చేత ఉప్పులో వేయిస్తారు. నలభయ్యో రోజు వచ్చి కొరికి చూస్తారు. కాయ చక్కగా ఊరితే ఆ పిల్ల వాళ్ళ కోడలు. చెడితే బండి వెనక్కి తిరుగుతుంది.

"ఉప్పు వేసింది ఎవురు?" అడిగింది తాయమ్మాళ్.

"ఇంకెవురు? మా రంగమే," అంది అవ్వ. "నేను పక్కన కూచోని చెప్పినాను, అంతే."

ఆ గంపను తలచుకుంటే రంగనాయకికి ఇప్పటికీ నడుము లాగుతుంది. కాడ ఊడని పిందెలు ఏరి, ఒక్కొక్కటీ కడిగి, గుడ్డతో తుడిచి, ఆముదం పూసి, పొరపొరకీ కల్లుప్పు చల్లింది. సొన తగిలి వేళ్ళు పొక్కాయి. ఆ వారమంతా బడిలో కలం పట్టలేకపోయింది. ఎనిమిదో తరగతి గట్టెక్కితే టీచరు ట్రెయినింగుకు పంపిస్తానని టీచరమ్మ మాట ఇచ్చింది. ఇంకొక్క యేడాది. ఆ మాట చెప్పాలని నాలుగుసార్లు నాన్న దగ్గరికి వెళ్ళి, నాలుగుసార్లూ నీళ్ళచెంబు పెట్టి తిరిగొచ్చింది.

ఉప్పు వేసిన రోజే అవ్వ కట్టుబాట్లు చెప్పింది.

"తడి చెయ్యి కూడదు. దినమూ ఒకసారి కుదపాల. నెలకు మూడు దినాలు దూరంగా కూచునే ఆడది ముట్టుకుందో, పోయింది! మీ చిన్నవ్వ నీడ పడితేనే జాడీ నురగ కక్కింది."

"నిజంగానా అవ్వా?"

"నిజంగానే. పురుగు పట్టిపోతుంది."

రంగనాయకి ఆ మాటే ఇంకో రెండుసార్లు అడిగింది. పిల్ల భయపడిందనుకుని అవ్వ తల నిమిరింది.

ఇరవయ్యో రోజున రంగనాయకి దూరమయింది. పెరటి కొట్టంలో చాప, చెంబు, మూడు రోజులు. ఆ మూడు రోజులూ జాడీని అవ్వే కుదిపింది. మధ్యాహ్నం మిల్లు సైరను కూసేదాకా దాని పక్కనే కాపలా కూర్చుని, కూడు తిని, ఇంట్లో అందరితో పాటు ఒక కునుకు తీసేది.

స్నానం చేసి ఇంట్లోకి వచ్చింది మొదలు, రంగనాయకి లేవగానే జాడీ దగ్గరికే పోయేది. మూతి కట్టిన గుడ్డకు ముక్కు ఆనించి వాసన చూసేది. తర్వాత చీపురు పట్టుకునేది.

"ఏమే అంత అక్కర! సేత్తూరు పిల్లోడు జాడీలోనే ఉండాడా?" అని అవ్వ నవ్వేది.

ఇప్పుడు అవ్వ గుడ్డ ముడి విప్పింది. రంగనాయకి కళ్ళు మూసుకుంది.

పుల్లటి మామిడి వాసన ఇల్లంతా పరుచుకుంది. తాయమ్మాళ్ ఒక పిందె తీసి కొరికింది. టక్కుమంది. మొగుడికొకటి, అన్నకొకటి ఇచ్చి, తను ఇంకొకటి నోట్లో వేసుకుంది.

"అయ్యో, ఈ ముడత చూడండి! మా అత్త పోయినాక ఇట్లాంటి కాయ నేను తినలేదు. ఈ చెయ్యి మా ఇంటికి రావాలమ్మా."

"చెయ్యి ఒకటేనా? నా కాపలా?" అంది అవ్వ. "దూరముండే దాని గాలి కూడా సోకనీలేదు."

"సరి, ఈ వైకాసి నెలలోనే పెళ్ళి పెట్టుకుందాం," అన్నాడు కోదండరామ.

"పళ్ళికూటం..." అని బడి మాట ఎత్తింది రంగనాయకి. తల్లికి మాత్రమే వినిపించింది.

"ఇంక నీకు సేత్తూరే పళ్ళికూటం. పెళ్ళికి నాళ్ళు చూసేటప్పుడు పిల్ల ఎదురుగా ఉండకూడదు, పో," అని పొన్నమ్మాళ్ ఆమెను లోపలి గదిలోకి తోసి తలుపు మూసింది.

తలుపు సందులోంచి పడే వెలుతురులో రంగనాయకి తన కుడి చెయ్యి చూసుకుంది. తాయమ్మాళ్ మెచ్చిన చెయ్యి.

దూరంగా ఉన్న మూడు మధ్యాహ్నాలూ జాడీలో ముంచింది ఆ చేతినే.