మేఘ వస్తేనే తింట

మేఘ వస్తేనే తింటానని విమలమ్మ నోరు బిగించి ఆ పొద్దుటికి మూడు రోజులు.

బతిమాలినా అంతే, కసిరినా అంతే. జావ గిన్నె పెదవులకు తాకిస్తే తల గోడ వైపు తిప్పేసేది. సెలైన్ సూది రెండుసార్లు పీకేసింది. ఇక లాభం లేదన్నాడు మొయినాబాద్‌లోని ఆ చిన్న దవాఖాన డాక్టరు. మధ్యాహ్నంలోగా నాలుగు ముద్దలు లోపలికి పోకపోతే నగరానికి తీసుకుపోయి ముక్కులోంచి గొట్టం వేయించాలట. ఆ గుండెకు ఆ ప్రయాణమే ఎక్కువ, దారిలోనే ఏమైనా కావచ్చని కూడా అన్నాడు. చేవెళ్ల నుంచి అన్నం డబ్బా తెచ్చిన విమలమ్మ తమ్ముడు దయానందం, ఆ మాట విని వరండా గోడకు చేరగిలబడ్డాడు.

మేఘ అంటే ఆషామాషీ మనిషి కాదు. పేరున్న నవలాకారిణి. చిన్నతనమంతా కువైట్‌లో గడిచింది. అమ్మానాన్నలు ఉద్యోగాలకు పోతే, నాలుగో అంతస్తులోని ఆ ఇంట్లో ఆమెను పెంచింది ఆయాగా వెళ్లిన విమలమ్మే. మేఘ మూడు నవలలు రాస్తే మూడింట్లోనూ ఆ ఇల్లే, ఆ ఇసుక గాలులే, ఆ ఆయానే. కువైట్‌లో పెరిగిన పిల్ల రాతలో చేవెళ్ల మాట ఇంత బాగా ఎలా పలుకుతుందని చదివినవాళ్లంతా ఆశ్చర్యపోతుంటారు. పలకదా మరి! అన్నంతో పాటు విమలమ్మ పెట్టిన మాటే కదా అది.

దయానందం ఎవరెవరినో పట్టుకొని ఆ రచయిత్రి నంబరు సంపాదించాడు. మూడు రోజులుగా ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. నిన్న సాయంత్రం అటువైపు ఎవరో ఎత్తి, చెబుతామన్నారు.

పదకొండింటికి ఆమె స్టూలు మంచం దగ్గరికి జరుపుకొని కూర్చుంది. విమ్మా అని పిలవాలి. నవలల నిండా ఉన్న పిలుపే. లోలోపల రెండుసార్లు అనుకొని చూసుకొని, పైకి అంది.

"విమ్మా, నేను. మేఘను."

దయానందం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

షుగరు జబ్బుతో విమలమ్మకు చూపు పోయి ఆరేళ్లు. ఈ మధ్య మతి కూడా పోతోంది. తోడబుట్టిన తమ్ముణ్ణే నువ్వెవరని అడుగుతోంది. మేఘ సంగతిలో మాత్రం ఆమెను ఎవరూ బోల్తా కొట్టించలేరు. ముందు రోజు ఒక నర్సు నేనే మేఘను అని చెప్పబోతే, రెండు ప్రశ్నల్లోనే పట్టేసింది.

"మేఘవైతే చెప్పు. లిఫ్టు ఉండంగ మనం మెట్లెందుకు ఎక్కుతుంటిమి?"

"ఒకనాడు లిఫ్టు నడుమల ఆగిపోయింది. నేను మస్తు ఏడ్చిన. అప్పటిసంది నువ్వు నన్ను ఎత్తుకొనే ఎక్కినవు."

విమలమ్మ ముఖం కాస్త మెత్తబడింది. ఇసుక గాలి లేచిన రోజున తలుపు సందులో ఏం పెట్టేవాళ్లమని అడిగింది. తడి తువ్వాలు అంది ఆమె. భయమేస్తే ఎక్కడ దాక్కునేదానివని అడిగింది. బియ్యం డబ్బా వెనక అంది. ఆ నవలల్లో ఏ పేజీలో ఏముందో ఆమెకు కంఠతా. పెరుగన్నం మెత్తగా కలిపి గిన్నె ఒళ్లో పెట్టుకుంది. ఇక నోరు తెరుస్తుందనే అనుకుంది.

"ఇంకొక్కటి చెప్పు," అంది విమలమ్మ. "నీకు తినవెట్టేటప్పుడు ముద్దకొక పేరు చెప్తుంటి. ఇది తాత ముద్ద, ఇది అత్త ముద్ద అని. అన్నిటికంటె ముందు ముద్ద ఎవరిది?"



ఆ సంగతి మూడు నవలల్లోనూ లేదు. పేజీ పేజీ మనసులో తిప్పి చూసుకుంది. ముద్దలు పెట్టడం ఉంది, కథలు చెప్పడం ఉంది. పేర్లు మాత్రం లేవు. డాక్టరు గుమ్మంలోంచి తొంగి చూసి, బండి వచ్చిందని సైగ చేశాడు. విమలమ్మ తల మెల్లగా గోడ వైపు తిరగసాగింది. తప్పు చెబితే మనిషి దక్కదు. చెప్పకపోయినా దక్కదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

చివరికి ఒక్క పేరు నోటికి వచ్చింది. తెలిసి చెప్పింది కాదు. అదే అయితే ఎంత బాగుండునని చెప్పింది.

"జెన్నీది."

గోడ వైపు తిరుగుతున్న తల ఆగింది. విమలమ్మ చేయి చాచి తడుముతూ ఆమె మోకాలు పట్టుకుంది.

"జెన్నీదే. నువ్వు మర్వలేదు బిడ్డా," అంటూ నోరు తెరిచింది.

కువైట్ మాట దేవుడెరుగు, విమానం ముఖమైనా చూడని జెన్నీ, నాలుగేళ్ల పిల్లప్పుడు తనను మేనమామ దయానందానికి అప్పగించి వెళ్లిపోయిన కన్నతల్లి నోట్లో ముద్ద పెట్టింది.